రుచియు ముద్రయు: మార్కు ట్వేనుని చుట్టవ్యాసముపై విమర్శనము

అమెరికా దేశపు హాస్యరచయితలలో సుప్రసిద్ధుడైన మార్కు ట్వేను (1835–1910) పొగాకును గూర్చి యొక చిన్న వ్యాసమును వ్రాసియుండెను. అది యాతని నిర్యాణానంతరము 1917వ సంవత్సరమున ‘మనుష్యుడన నేమి?’ యను వ్యాసమును మొదటనుంచి కూర్చిన సంపుటమున చేరినది. పైకి చూచిన నది చదివి నవ్వి విడువదగిన రచనవలె తోచును. కాని యందు చర్చింపబడిన విషయము సామాన్యమైనది కాదు. రుచికి ప్రమాణము కలదా, లేదా? కలదేని యది వస్తువునం దున్నదా, ఆస్వాదించువానియం దున్నదా, లేక వస్తువుపై నంటించిన పేరునం దున్నదా? ఈ ప్రశ్న చుట్టకెంత చెల్లునో కావ్యమునకును నంతియే చెల్లును. కావున నాలంకారికుల మతము నెరిగినవా రీ వ్యాసమును పరిశీలించుట వ్యర్థము గాదు.

చుట్టపొగ లోనికి పీల్చకున్నను నోటికిని, గొంతుకకును, అన్నవాహికకును రాచపుండు గలిగించునని వైద్యశాస్త్రము నిర్ధారించియున్నది. ఇచ్చట చేయబడునది పొగత్రాగుటకు ప్రశంస గాదు. పొగరుచిని గూర్చిన వాక్కునకు పరీక్ష మాత్రమే.

ట్వేను రెండు మూఢవిశ్వాసముల ఖండనముతో వ్యాసము నారంభించెను. పొగాకు విషయమున సర్వులను బంధించు ప్రమాణ మొకటి గలదనుట మొదటి భ్రాంతి. ఎవని యభిరుచి వానికే ప్రమాణమని యాతని మతము. ప్రతి మనుష్యునకును తనదైన ప్రమాణ మొకటి గలదనుట రెండవ భ్రాంతి. త్రాగువాడు చుట్టపై నున్న ముద్రను జూచి మెచ్చుచు, రుచిని జూచియే మెచ్చుచున్నానని తలచుచుండునని యాతడు చెప్పును. ఇందులకు దృష్టాంతముగా నొక కథ గలదు.

ట్వేను త్రాగు చుట్టలు చౌకవియు, ఘోరమైనవియు నని మిత్రులలో ప్రసిద్ధి. ఒకరాత్రి పన్నిద్దరు మిత్రులు విందునకు రావలసియుండెను. వారిలో నొకడు మేలైన చుట్టలకు పేరువడినవాడు. ట్వేను వాని యింటికేగి, యెవరును చూడనివేళ దోసెడు చుట్టలు సంగ్రహించెను. ఒక్కొక్కటి నలువది సెంట్ల వెలగలది. ఎరుపును బంగారువన్నెయు గల కాగితపు పట్టి దాని కులీనతను చాటుచుండెను. ట్వేను ఆ పట్టీలను తీసివైచి, చుట్టలను తన చౌకముద్ర గల పెట్టెలో నుంచి, భోజనానంతరమున నతిథుల కందిచ్చెను. పెట్టె కనబడినంతనే గోష్ఠి మూగవోయినది. వారు కొంతసేపు కష్టముతో పీల్చి, యేవేవో నెపములు చెప్పి, యొకరినొకరు త్రోసికొనుచు వెడలిపోయిరి. మరునాటి యుదయమున చూడగా చుట్టలన్నియు ముంగిటి తలుపు మొదలు వీథితలుపు వరకు పడియున్నవి. ఒక్కటి మాత్రము భోజనపు పళ్లెములో నున్నది. ఆ పళ్లెము చుట్టల సొంతదారునిదే! ఇట్టివాటిని పంచిపెట్టినందుల కేనాడైన తుపాకి దెబ్బ తప్పదని యాతడే తరువాత ట్వేనును హెచ్చరించెనట.

కథనమునం దాతని నేర్పు స్పష్టము. పదునొకండ్రు పారవైచిన చుట్టలను ముందు చూపి, పండ్రెండవదానిని పళ్లెములో మిగిల్చి, యా పళ్లె మెవ్వనిదో చివర చెప్పుటలో కథాబలమంతయు నిమిడియున్నది. అంతకంటె మెచ్చదగిన గుణ మింకొకటి కలదు. తన ముద్రను వేరొక చుట్టపై వేసియిచ్చిన తానును మోసపోవుదునని ట్వేను దాపరికము లేక యొప్పుకొనును. పరుల నవ్వించి తాను తప్పించుకొనువాని హాస్యముకంటె, తన్ను గూడ ముద్దాయిలలో నిలుపుకొనువాని హాస్యము మేలైనది.

అయినను వాదముగా పరిశీలించినచో నీ రెండు సిద్ధాంతములును పొత్తు కుదరునవి గావు. మొదటిది యభిరుచిని రాజును జేసినది. రెండవది యా రాజునకు కన్నులు లేవన్నది. తన రుచిని తానే యెరుగనివాడు తనకు తానే న్యాయాధిపతి యెట్లగును? ట్వేను ఈ వైరుధ్యము నెరుగనివాడు కాడు. ‘నాకు మంచిచుట్ట యేదో నేనే చెప్పవలెను’ అను భావముతో గర్జించినవాడే ముద్ర మారిన మోసపోదునని వెంటనే తగ్గుచున్నాడు. వ్యాసమునందలి హాస్యమంతయు నీ పతనమునుండియే పుట్టినది. కావున రెండు సూత్రములను శాస్త్రవాక్యములుగా గ్రహించి ‘రుచికి ప్రమాణమే లేదని ట్వేను నిరూపించెను’ అనుట రచయితకు న్యాయము చేయుట గాదు.

అతని ప్రయోగము నిజముగా దేనిని నిరూపించినది? దీనిని తెలియుటకు ముందు వస్తుస్వభావము నెరుగవలయును. క్యూబా ద్వీపపు పడమటిభాగమైన పినార్ దెల్ రియో సీమలోని వ్యుయెల్టా అబాహో ప్రాంతపు ఆకు హవానా చుట్టలకు ప్రసిద్ధి తెచ్చినది. చేతితో చుట్టిన మేలిచుట్టకు మూడంగములు: గర్భమునందలి ఆకులు, వానిని పట్టియుంచు కట్టుటాకు, అందముగ కప్పు పైయాకు. గర్భమునం దొకేతీరు ఆకు నింపరు. మొక్క యడుగున నుండు ‘వొలాడో’ యాకు నిప్పు నారిపోకుండ నిలుపును. నడుమ నుండు ‘సెకో’ పరిమళ మిచ్చును. ఎండకు మిక్కిలి తగిలి చిక్కబడిన పైభాగపు ‘లిహేరో’ ఘాటు నిచ్చును. ఈ యాకులను ప్రోగులుగా వేసి మాగబెట్టుదురు. ప్రోగులోపల వేడి పుట్టి, నవసారపు వాయువు వెడలిపోగా ఆకు కరకుదనము తగ్గును. పిమ్మట చిరకాలము నిలువయుంచుదురు.

త్రాగు విధమును నిట్టిదే. మేలిచుట్టపొగను రొమ్ములోనికి పీల్చక నోట నిలిపి విడుతురు. తొందరపడి పీల్చినచో నిప్పు వేడెక్కి పొగ చేదగును. మొదటి భాగమున, నడుమను, చివరను రుచి యొక్కతీరున నుండదు. కాలినభాగపు పొగలోని సారము మిగిలిన ఆకునకు పట్టుచుండుటచే చుట్ట తరుగుకొలది ఘాటు హెచ్చును. ఇక నాలుక యెరుగునది స్వల్పము. తీపి, పులుపు, ఉప్పు, చేదు మొదలైన కొలదిరుచులు తప్ప, తక్కిన భేదములన్నియు నోటివెనుకనుండి ముక్కునకు ప్రాకు వాసనవలన తెలియునవే. మిరియపుకారముగా తోచునది రుచియును గాదు. అది నోటిలోని బాధానాడుల యనుభవము. ఆయుర్వేదము కటువును షడ్రసములలో చేర్చినను, నేటి శరీరశాస్త్రము దానిని వేరుచేసినది.

ఇట్టి వస్తువును ట్వేను అతిథు లెంతసేపు పరీక్షించిరి? సొంతదారునికి రెండు పీల్పులకంటె సాగలేదని ట్వేనే చెప్పును. మొదటి భాగమైన దాటకయే పారవేయబడినవానికి రుచినిర్ణయము జరిగెననుట యెట్లు? ప్రథమశ్లోకమున రెండు పదములు విని సభనుండి లేచిపోయినవారి నిందనుబట్టి కావ్యమును నిర్ణయించుట వంటి దిది. ముద్ర రుచిని మార్చెననుటకంటె, ముద్ర రుచిచూడనీయలేదనుట యుక్తము. ఈ రెంటికిని భేదము గొప్పది. మొదటిది నిజమైనచో రుచియే మిథ్య. రెండవది నిజమైనచో రుచి కలదు గాని ద్వారము మూయబడినది.

మరియు నిది సగము ప్రయోగము మాత్రమే. అన్వయవ్యతిరేకములు రెండును చూపినగాని కార్యకారణభావము సిద్ధింపదు. మేలిచుట్టకు నీచముద్ర వేయుట చూపబడినది; నీచమైన చుట్టకు ఎర్రబంగారు పట్టి చుట్టి, వారే దానిని తుదివరకు త్రాగి మెచ్చిరని చూపవలసియున్నది. ట్వేను దానిని మాటగా చెప్పెనే కాని కథగా చూపలేదు. అయినను మాట తేలికగా త్రోసివేయదగినది గాదు. 2001వ సంవత్సరమున ప్రకటితమైన యొక పరిశోధనయందు, ఫ్రాన్సు దేశపు బోర్డో విశ్వవిద్యాలయమున ద్రాక్షమద్యశాస్త్రము చదువు 54 మంది విద్యార్థులకు తెల్లమద్యమున వాసనలేని యెర్రరంగు కలిపి యియ్యగా, వారు దానిని ఎర్రమద్యమునకు చెల్లు మాటలతోనే వర్ణించిరి. అభ్యాసముగలవారి ముక్కునుగూడ కన్ను లోబరచుకొనగలదని దీనివలన తేలినది. సొంతచుట్టను గుర్తింపలేకపోయిన యా మిత్రుని పక్షమున వాదించుట కష్టమే. కాని ప్రత్యభిజ్ఞ వేరు, ఆస్వాదము వేరు. ఇది ఫలానివారి పద్యమని గుర్తింపలేనివాడు దాని సొగసు నెరుగడని చెప్పవలనుపడదు.

ట్వేనునకు విరుద్ధమైన బలవత్తరసాక్ష్యము ట్వేను వ్యాసమునందే కలదు. ధనికుల యిండ్లలో తడిస్పంజితో కూడ పెట్టెలో నుంచి యిచ్చు చుట్టలను నిందించుచు, వాని బూడిద నలుపనియు, అవి యొకప్రక్కగా కాలుననియు, వ్రేళ్లకు వేడి తగులుచుండుననియు, నిప్పు లోనికి పోవుకొలది కంపు హెచ్చుననియు నాతడు దోషములను వరుసగా నెన్నును. ఇవి ముద్రనుబట్టి చెప్పిన మాటలా? కావు. ఒకప్రక్కగా కాలుట కూర్పులోపము. వేడెక్కుట ఆకుయొక్కయో, కూర్పుయొక్కయో, త్రాగువానియొక్కయో లోపము. వీనిని చుట్టనెరిగినవా డెవడైన దోషములనియే చెప్పును. ప్రమాణము లేదన్నవాడు ప్రమాణముతోనే దూషించుచున్నాడు. ఇటలీ దేశపు వర్జీనియా చుట్టను గూర్చి చెప్పుచోట, దానియం దెవ్వరికిని పుట్టుకతో మైత్రి యుండదనియు, నేర్చుకొని ప్రీతి సంపాదింపవలయుననియు నాతడే యనును. నేర్చుకొనదగినది రుచియైనచో, ముందు తెలియనిది పిమ్మట తెలియుట కలదు. తెలియదగినది లేనిచోట నేర్పునకు తావెక్కడిది?

ఈ ప్రశ్నకు ట్వేనుకంటె చాల ముందుగా వేరొక కథతో సమాధానము చెప్పినవాడు స్కాట్లండు తాత్త్వికుడు డేవిడ్ హ్యూము. 1757లో ప్రకటించిన ‘రుచిప్రమాణము’ అను వ్యాసమున నాతడు సెర్వాంటిసు రచించిన ‘డాన్ క్విక్సోటు’ ద్వితీయభాగమునుండి (1615) సాంకో బంధువుల కథ నెత్తుకొనెను. ఒక పీపాలోని ద్రాక్షమద్యమును పరీక్షించి, మంచిదే కాని తోలువాసన గలదని యొకడును, ఇనుపరుచి గలదని వేరొకడును చెప్పగా నందరును నవ్విరి. పీపా ఖాళీయైన పిదప నడుగున తోలుత్రాటికి కట్టిన పాత తాళపుచెవి దొరికినది. సూక్ష్మరుచికి వస్తువునం దాధారము గలదని హ్యూము దీనివలన చూపదలచెను.

రెండు కథలును దూతలవలె నెదురెదురుగ నిలిచినవి: ఒకదానిలో నెరిగినవారు గెలిచిరి, రెండవదానిలో నోడిరి. కాని హ్యూము కథకును మేర గలదు. మేలిచుట్టను పరీక్షించువా రందు తోలనియు, కోకో యనియు, దేవదారనియు, తడిమన్ననియు రుచులను పేర్కొందురు. అచ్చట తోలు లేదు, కోకో లేదు. అవి యుపమానములు. చుట్ట తుదివరకు కాలినను తాళపుచెవి దొరకదు. కావున దోషములు, అనగా వేడి, ప్రక్కమంట, కంపు మొదలైనవి, వస్తువునందు చూపదగినవి; గుణములు మాత్రము సాదృశ్యముచేతనే చెప్పవలసినవి. సాదృశ్యము చెప్పువాని పూర్వానుభవమునుబట్టి మారును. దేవదారుపెట్టె నెన్నడును తెరువనివాడు దేవదారువాసన నెట్లు పోల్చును? ఇచ్చటనే ట్వేనునకు సందు దొరకినది. కాని యుపమానము మారినంత మాత్రమున నుపమేయము లేకపోదు.

పట్టీ లేకయే చుట్టను గుర్తించిన మూడవ సాక్షి యొకడు కలడు. వాని వాక్యము తెలుగువారి కాసక్తి గలిగించునది. సర్ ఆర్థర్ కానన్ డాయిలు 1890లో ప్రకటించిన ‘నలుగురి సంకేతము’ అను నవలయందు షెర్లాకు హోమ్సు నూటనలుబది విధముల పొగాకుల బూడిదలను గూర్చి తాను గ్రంథము వ్రాసితినని చెప్పి, హంతకుడు భారతదేశపు ‘లుంక’ త్రాగువాడని తేలినచో వెదుకవలసినవారు తగ్గుదురని దృష్టాంత మిచ్చును. ఆ ‘లుంక’ గోదావరినది లంకలలో పండు పొగాకుతో చుట్టిన చుట్టయే. తిరుచిరాపల్లి చుట్ట నల్లబూడిదను గూడ నాతడు పేర్కొనును. తార్కికుడు పర్వతమున ధూమమును జూచి వహ్ని నూహించును; హోమ్సు వహ్ని యారిన పిమ్మట భస్మమును జూచి ధూమమూలమైన ఆకు నూహించుచున్నాడు. బూడిదవన్నె ఆకునందలి ఖనిజాంశముల ననుసరించి మారునుగాన నిది కేవలకల్పన గాదు. అయితే ట్వేనునకు దోషమైన నల్లబూడిద హోమ్సునకు గుర్తు మాత్రమే. గుర్తించుటతో గుణనిర్ణయము పూర్తికాదు. లంకచుట్ట యని తెలిసినను నది మంచిదో చెడ్డదో హోమ్సు చెప్పలేదు.

ఇట్లు వస్తులక్షణము, ముద్ర, యుపమానము వేరువేరని తేలినపిదప శేషించునది యాస్వాదకుడు. ఈ విషయమున భారతీయాలంకారికులు పాశ్చాత్యులకంటె లోతుగ విచారించిరి. భరతుడు రసమును వివరించుటకు వ్యంజనములతో గూడిన యన్నమును భుజించు సుమనస్కుని చూపెను. పానకమున బెల్లము, మిరియము మొదలైనవి వేరుగ తోపక యొకే రుచియైనట్లు విభావాదులు రసమగునని తరువాతివారు చెప్పిరి. మూడుతీరుల ఆకులతో నొక్కరుచిని కూర్చు చుట్టకు పానకరసన్యాయము సరిపోవును. సహృదయుడన కావ్యపరిశీలనాభ్యాసముచే మనస్సనెడు నద్దము నిర్మలమైనవాడని యభినవగుప్తుని మతము. వాసన లేనివారికి రసాస్వాదము లేదనియు, వారు నాట్యశాలయందు కొయ్యలతోను గోడలతోను రాళ్లతోను సమానులనియు సాహిత్యదర్పణమున నుదాహరింపబడినది.

‘వాసన’ యను పదమునకు ముక్కున కందు గంధమనియు, పూర్వానుభవసంస్కారమనియు రెండర్థములుండుట యిచ్చట శ్లేషకు మాత్రమే పనికివచ్చునది గాదు. ఆస్వాదమునకు రెండును కావలయును. ట్వేను అతిథులకు వాసన లేకపోలేదు. వారికున్న వాసన ట్వేనుని పెట్టెను గూర్చినది. అది రుచిచూచి సంపాదించినదియే కావచ్చును. కాని యానాడు నోటనున్న చుట్టకు సంబంధించినది కాదు. కావున వాసనను రెండుగా విభజింపవలసియున్నది. వస్తువును పలుమారు ఆస్వాదించుటచే కలిగినది యొకటి. పేరును విని కలిగినది మరియొకటి. మొదటిది యద్దమును తుడుచును. రెండవది యద్దముపై నొక బొమ్మను వ్రాయును. తుడిచిన యద్దమున వస్తువు కనబడును. బొమ్మ వ్రాసిన యద్దమున బొమ్మయే కనబడును. సంస్కారము లేక రుచి లేదనుట నిజము. ముద్రాసంస్కారమును రుచిసంస్కారమని భ్రమించుట ట్వేను నవ్విన దోషము. ఆతడు రెంటిని నొకటిగా చేసి నవ్వుటయే యాతని వాదమునందలి లోపము.

తెలుగున నీ దోషమునకు దృష్టాంతములు కొఱతపడవు. గురజాడ అప్పారావుగారి ‘కన్యాశుల్కము’న గిరీశము చదువు పొగాకుపద్యమును చూడుడు. గరుత్మంతుడు తెచ్చు నమృతమునుండి చుక్క జారి పొగచెట్టైనదని యది వంశము చెప్పును. త్రాగనివానికి నీచజన్మ మని భయము చెప్పును. రుచిని గూర్చి యొక్కమాట చెప్పదు. అదియు నొక యెర్రబంగారు పట్టియే. గిరీశపు పాండిత్యమంతయు పట్టీలతో నిండినదని చూపుటకే నాటకకర్త దానిని వాని నోట నుంచెననుట సంగతముగ నున్నది. ఇక నెవ్వరిదో తెలియని చాటువు శ్రీనాథుని పేరనో, తెనాలి రామకృష్ణుని పేరనో చలామణియగుటయు, పేరు తొలగినంతనే దాని చమత్కారము తగ్గినట్లు తోచుటయు నందరెరిగినవే. ‘క్రీడాభిరామము’ వినుకొండ వల్లభరాయనిదా, శ్రీనాథునిదా యను వివాదమున పండితులు శ్రమించినది చరిత్రకు మేలైన పని. కాని యా నిర్ణయమునుబట్టి యందలి ఓరుగల్లు వర్ణనపు సొగసు పెరుగుటయు తరుగుటయు నుండునా? ఉండునేని పఠితకు కావ్యరుచి లేదు; ముద్రారుచి మాత్రమే కలదు.

పాఠశాలలలో పద్యమునకు ముందు కవినామమును, బిరుదములను, కాలమును చెప్పి, పిమ్మట పద్యమును చదువుట యాచారము. బాలుడు పద్యమును వినకమునుపే యెంత మెచ్చవలెనో తెలిసికొనుచున్నాడు. పరీక్షలో వ్రాయు ప్రశంస పెట్టెపై ముద్ర నుండి వ్రాసినదే యగును. మరియొక పద్ధతియు సాధ్యమే: పేరు చెప్పక పద్యమును మొదటినుండి తుదివరకు చదివించి, యన్వయము కుదిర్చి, గుణదోషములను బాలునిచేతనే చెప్పించి, యా మీదట కవినామము నెరిగించుట. అపుడు బాలుడు తప్పవచ్చును, మహాకవిపద్యమును సామాన్యమనవచ్చును. ఆ తప్పు దిద్దదగినది. రుచిచూడక చేసిన పొగడ్తను దిద్దుట కుపాయము లేదు, అది తప్పుగ కనబడదు కావున.

ట్వేను కథలో నా చుట్టలను తుదివరకు త్రాగినవా డొక్కడుండినచో వాదము తేలియుండెడిది. పన్నిద్దరిలో నొక్కడును లేకపోయెను. వ్యాసము నవ్వించునది యందులకే, బోధించునదియు నదియే.